‘మేఘాల పైన’ – ఒక నివేదిక పరామర్శ

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణానికి చెందిన పదకొండుమంది పరిశోధకులు 2009 ఫిబ్రవరి 10వ తేదీన ఒక సాంకేతిక నివేదికను వెలువరించినారు. దానికి వారు పెట్టిన పేరు ‘ఎబవ్ ది క్లౌడ్స్’. మన మాటలో ‘మేఘాల పైన’ అనవచ్చును. రమారమి పాతిక పుటల ఈ రచనను కుదించి ఎ.సి.ఎం. అనే కంప్యూటర్ శాస్త్ర సంఘం వారి మాసపత్రిక 2010 ఏప్రిల్‌లో ప్రచురించినది. రచయితలలో డేవిడ్ ప్యాటర్సన్ ఒకరు. 2017 సంవత్సరపు ట్యూరింగ్ బహుమతిని మరొకరితో కలిసి అందుకొన్న ఈయన పాఠ్యగ్రంథం మన ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు పరిచితమే.

పదిహేనేళ్లు దాటిన ఒక నివేదికను ఇప్పుడు తీసి విమర్శించడం ఎందుకని పాఠకులు అడుగవచ్చును. క్లౌడ్ కంప్యూటింగు వ్యాప్తికి ఎదురయ్యే పది అడ్డంకులను ఈ నివేదిక వరుసగా పేర్కొన్నది. వాటిలో రెండవది, వ్యాపార సంస్థ తన దత్తాంశాలను ఒక వర్తకుని చేతిలో పెట్టిన పిమ్మట తిరిగి బయటికి తెచ్చుకోలేక అక్కడనే చిక్కుకొనిపోవడం. నాడు అది ఊహించిన చిక్కు. నేడు బ్యాంకులు, వర్తకశాలలు, ఆసుపత్రులు, చివరకు మన బళ్లలోని మార్కుల పట్టికలు సైతం క్లౌడ్‌లోనే ఉన్నవి కనుక అది అనుభవంలోని చిక్కు. దీనికి ఆ పండితులు చెప్పిన మందు పనిచేసినదా? రోగ నిర్ణయం సరిగా జరిగినదా? ఈ రెండు ప్రశ్నలనే ఇక్కడ విచారిస్తాను. నివేదికలోని తక్కిన భాగాలను తడవను.

క్లౌడ్ అనే పేరు ఆకాశాన్ని తలపించినా విషయం మాత్రం నేలమీదిదే. కంప్యూటరును కొనక, ఎక్కడో పెద్ద షెడ్డులలో వేలకొలది యంత్రాలను నిలిపిన కంపెనీ నుంచి, ఇంటర్నెట్ మార్గాన, గంటల లెక్కన అద్దెకు తీసుకోవడం. అమెజాన్ సంస్థ 2006 మార్చిలో ‘ఎస్-3’ అనే నిల్వ సదుపాయాన్ని, అదే సంవత్సరం ఆగస్టులో ‘ఇ.సి.-2’ అనే గణన సదుపాయాన్ని ప్రారంభించినది. ఒక యంత్రాన్ని వెయ్యి గంటలు వాడినా, వెయ్యి యంత్రాలను ఒక్క గంట వాడినా అద్దె ఒక్కటే కావడం మునుపెన్నడూ లేని వింత అని నివేదిక గుర్తించినది. పరీక్షా ఫలితాలు వెలువడే ఒక్క పూట కొరకు ఏడాది పొడుగునా యంత్రాలను పోషించనక్కరలేదు. ఈ భాగంలో వారి గణితం నిర్దుష్టం. ఈనాటికీ అంతకంటె తేటగా చెప్పినవారు తక్కువ.

కాని అదే భాగంలో ఒక ఉపమానం ఉన్నది. కంప్యూటింగును విద్యుత్తు వలె ప్రజోపయోగ సరఫరాగా చేయాలనే చిరకాల స్వప్నం ఇప్పుడు ఫలించనున్నదని రచయితలు అంటారు. ఈ స్వప్నాన్ని 1961లోనే జాన్ మెకార్తీ అనే శాస్త్రజ్ఞుడు ప్రస్తావించినాడు. ఉపమానం అందమైనదే. అయితే మన ఇంటికి 230 వోల్టుల విద్యుత్తును ఎవరు సరఫరా చేసినా పంకా తిరుగుతుంది. అంతకంటె ముఖ్యం, వాడుకొన్న విద్యుత్తు వెనుక ఏదీ మిగిలించదు. సరఫరాదారు వద్ద మన వస్తువేదీ ఉండదు. క్లౌడ్‌లో అట్లు కాదు. వాడుకొన్నకొలదీ మన లెక్కలు, దస్త్రాలు, ఖాతాలు అక్కడ పేరుకొంటూ ఉంటవి. ఇది విద్యుత్తు కంటె ధాన్యపు గిడ్డంగికి దగ్గర. గిడ్డంగి యజమానిని మార్చవలసి వచ్చినప్పుడు బస్తాలు మోయించే కూలి ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఉపమానం మొదటనే పక్కదారి పట్టినందువలన ఈ ప్రశ్నకు నివేదికలో తగిన చోటు దొరకలేదని నా అభిప్రాయం.

రెండవ అడ్డంకిని గూర్చి వారు చెప్పినదానిని చూద్దాము. ఒక్కొక్క కంపెనీ క్లౌడ్‌తో మన ప్రోగ్రాము మాట్లాడే పద్ధతి ఒక్కొక్క రీతిగా ఉన్నది. ఈ పద్ధతినే ఏ.పి.ఐ. అంటారు, ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును ఏ మాటతో పిలవాలి, ఏ వరుసలో వివరాలు అందించాలి, జవాబు ఏ రూపంలో వస్తుంది అనే ఒప్పంద నియమావళి అది. ఈ నియమావళులు ఎవరి సొంతం వారివి కావున ఒకచోట రాసిన ప్రోగ్రాము మరొకచోట నడవదు. దీనివలన వాడుకదారుకు మూడు ప్రమాదాలు: వర్తకుడు ధర పెంచవచ్చు, సేవ చెడవచ్చు, దివాలా తీయవచ్చు. మూడవదానికి వారు నిజమైన ఉదాహరణనే ఇచ్చినారు. ‘ది లింకప్’ అనే నిల్వ సంస్థ ఖాతాదారుల దత్తాంశాలలో నూటికి 45 వంతుల వరకు అందకుండా పోగా, 2008 ఆగస్టు 8న మూతపడినది. దాని ఖాతాదారులు 20,000 మంది. ఆ సంస్థ తన దత్తాంశాలను ‘నిర్వానిక్స్’ అనే మరొక సంస్థలో దాచినది. తప్పు నీదంటే నీదని ఇద్దరూ వాదులాడుకొన్నారు.

ఈ కథకు ఉత్తర భాగం నివేదిక తరువాత జరిగినది. 2013 సెప్టెంబరులో ఆ నిర్వానిక్స్ సంస్థే మూతపడినది. ఖాతాదారులు తమ వస్తువులను తరలించుకొనడానికి మొదట ఇచ్చిన గడువు దాదాపు రెండు వారాలు. అప్పుడు దానిని అక్టోబరు నడుమకు పొడిగించినారు. ఇంత స్పష్టంగా భవిష్యత్తు నిజం చేసిన ఉదాహరణను ఎంచుకొన్నందుకు రచయితలను మెచ్చుకొనవలెను.

వారు చెప్పిన మందు ఏమిటి? ఏ.పి.ఐ.లను ప్రమాణీకరించాలి. అందరూ ఒకే నియమావళిని పాటిస్తే ఒకే ప్రోగ్రామును ఎక్కడైనా నడుపుకొనవచ్చును. అట్లయితే ధరలు పడిపోయి తమ లాభాలు పోతవని కంపెనీలు భయపడవా? ఈ ప్రశ్నను వారే వేసుకొని రెండు సమాధానాలు ఇచ్చినారు. సేవలో నాణ్యత కూడ ముఖ్యమే కావున ఖాతాదారులందరూ చవుకవాని వద్దకు పరుగెత్తరు. పైగా, ప్రమాణం ఉంటే సొంత యంత్రాలను, అద్దె యంత్రాలను కలిపి వాడుకొనే కొత్త వాడుక పుట్టి గిరాకి పెరుగుతుంది.

ఇక్కడ మన రైలు మార్గాల సంగతి జ్ఞాపకం వస్తున్నది. బ్రాడ్ గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, మీటర్ గేజిది 1,000. ఈ రెండూ కలిసే గుంతకల్లు వంటి కూడళ్లలో సరుకును ఒక బండి నుంచి దించి మరొక బండికి ఎక్కించవలసి వచ్చేది. అంతటా ఒకే గేజి ఉండవలెనని 1992లో రైల్వే శాఖ పని చేపట్టినది. అది సాధ్యమైనది ఎందుకంటే, రెండు రకాల పట్టాలకూ యజమాని ఒక్కరే. దించి ఎక్కించే కూలి ఖర్చు ఆ యజమానికి నష్టం. క్లౌడ్‌లో యజమానులు వేరువేరు. దించి ఎక్కించడంలోని కష్టం వారికి నష్టం కాదు సరికదా, ఖాతాదారు పోకుండా నిలిపే కంచె. కంచెను తీయమని యజమానినే బతిమాలడం ఎంతవరకు ఫలిస్తుంది? పదకొండుమంది పండితులు ఈ చోట ఆర్థికశాస్త్రాన్ని మరీ మృదువుగా చదివినారు. వారి ప్రయోగశాలకు గూగుల్, మైక్రోసాఫ్ట్, సన్ సంస్థలు స్థాపక పోషకులనీ, అమెజాన్ అనుబంధ సభ్యసంస్థ అనీ వారే నివేదికలో దాచకుండ చెప్పుకొన్నారు. దానికి వక్రార్థం తీయడం నా ఉద్దేశం కాదు. ఆతిథ్యం ఇచ్చిన ఇంటి గడపను గూర్చి మాట్లాడేటప్పుడు ఎవరి గొంతు అయినా కొంత తగ్గుతుంది.

జరిగినది ఏమిటి? ప్రామాణిక సంస్థలు నియమావళులను తయారు చేయకపోలేదు. నిల్వ కొరకు ‘సి.డి.ఎం.ఐ.’ అనే ప్రమాణం 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా కూడ అంగీకరించబడినది. పెద్ద కంపెనీలు దానిని పట్టించుకొనలేదు. అయినా ప్రమాణాలు మరొక దారిన వచ్చినవి. అమెజాన్ ఎస్-3 నియమావళి అందరికీ అలవాటై పోయినందువలన పోటీదారులు దానిని అనుకరించినారు. ఈనాడు ‘సెఫ్’, ‘మిన్‌ఐఓ’ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులు, పలు కంపెనీల నిల్వ సేవలు అదే భాషలో మాట్లాడగలవు. ప్రోగ్రామును దానికి కావలసిన సామగ్రితో సహా ఒక డబ్బాలో సర్ది, ఏ యంత్రంమీదనైనా దించే ‘కంటెయినరు’ పద్ధతి వచ్చినది. అట్టి డబ్బాలను వేలకొలది నడిపే ‘కుబర్‌నెటిస్’ను గూగుల్ 2014లో అందరికీ విడుదల చేసినది. అప్పటికి క్లౌడ్ వ్యాపారంలో వెనుకబడి ఉన్న గూగుల్‌కు గోడలు తగ్గడమే లాభం అన్నది ఇక్కడ గమనింపదగినది. ప్రమాణం వస్తుందన్న జోస్యం ఆ మేరకు ఫలించినది. వచ్చే దారిని మాత్రం వారు సరిగా ఊహించలేదు. అది ముందున్నవాని ఔదార్యం వలన రాలేదు. వెనుకనున్నవాని అవసరం వలన వచ్చినది.

ఇక అసలు లోపానికి వస్తాను. నివేదికలో దత్తాంశాల రవాణా నాలుగవ అడ్డంకి. దానికి వారు చూపిన లెక్క పాఠశాలలో చేయించదగినంత ముచ్చటైనది. 10 టెరాబైట్ల దత్తాంశాన్ని సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో పంపవలెననుకొందాము. ఒక బైటుకు 8 బిట్లు కనుక మొత్తం 80 లక్షల కోట్ల బిట్లు. సెకనుకు 2 కోట్ల బిట్ల చొప్పున భాగిస్తే 40 లక్షల సెకనులు. రోజుకు 86,400 సెకనులు. అనగా 46 రోజులు. పైగా రవాణా రుసుము వెయ్యి డాలర్లు. అదే దత్తాంశాన్ని ఒక్కొక్క టెరాబైటు పట్టే పది డిస్కులలో నింపి కొరియరులో పంపితే ఒక్క రోజు, 400 డాలర్లు. తీగల మీద మెరుపు వేగంతో పోయేదానికంటె మోటారు బండిలో పోయేదే ముందు చేరుతుందన్న ఈ విషయం విద్యార్థులకు ఎంతో వింతగా తోస్తుంది. నేను ఏటా తరగతిలో చెప్పుతూనే ఉన్నాను.

చాలా కాలం చెప్పిన తరువాత గాని ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నవలన నా కళ్లు తెరుచుకొనలేదు. “వెనక్కు తెచ్చుకోవాలంటే ఎంతవుతుందండీ?” అని ఆ అమ్మాయి అడిగినది. పుస్తకం తీసి చూచినాను. లెక్క బర్క్‌లీ నుంచి సియాటిల్‌లోని అమెజాన్ వద్దకు పోయే దారిని గూర్చి మాత్రమే ఉన్నది. తిరుగు ప్రయాణపు లెక్క లేదు.

అంతటితో ఆగలేదు. ఈ నాలుగవ అడ్డంకికి వారు సూచించిన మరొక ఉపాయం, దత్తాంశాన్ని క్లౌడ్‌లోనే ఉంచడం లాభసాటిగా కనిపించేటట్లు చేయడం. ఒకసారి లోపలికి వచ్చినదానిని మళ్లీ మళ్లీ మోయనక్కరలేదు. దానిని ఆధారం చేసుకొని కొత్త సేవలు పుట్టి గణన యంత్రాల అద్దె కూడ పెరుగుతుంది అని వారి తర్కం. నాలుగవ అడ్డంకికి ఇది చక్కని మందే. కాని రెండవ అడ్డంకికి ఇదే విషం. దత్తాంశం లోపల ఎంత పెరిగితే, దానిచుట్టూ ఎన్ని సేవలు అల్లుకొంటే, బయటికి రావడం అంత భారమవుతుంది. పది అడ్డంకులనూ పట్టికలో విడివిడి గడులలో పెట్టి, ఒక్కొక్కదానికి ఎదురుగా ఒక్కొక్క ఉపాయాన్ని రాయడంవలన వచ్చిన ప్రమాదం ఇది. ఒక గడిలోని మందు మరొక గడిలోని రోగాన్ని పెంచుతున్నదని పట్టిక చూపదు.

కంపెనీలు ఈ సంగతిని త్వరలోనే ఆచరణలో పెట్టినవి. 2011 జూలై 1 నుంచి అమెజాన్ తన వద్దకు వచ్చే దత్తాంశానికి రుసుము తీసివేసినది. బయటికి పోయేదానికి మాత్రం ఉంచినది. ఎక్కేటప్పుడు టికెట్టు అడగక, దిగేటప్పుడు దారికి అడ్డంగా నిలబడే కండక్టరును ఊహించుకొనండి. అమెరికా కేంద్రాలలో చాలాకాలంగా అమలులో ఉన్న ధరల ప్రకారం బయటికి పంపే దత్తాంశానికి గిగాబైటుకు తొలి 10 టెరాబైట్ల వరకు 9 సెంట్లు, తరువాత 40 టెరాబైట్లకు 8.5 సెంట్లు, ఆపైన 100 టెరాబైట్లకు 7 సెంట్లు. ఒక నెలలో 100 టెరాబైట్లను తెచ్చుకొంటే దాదాపు 8,000 డాలర్లు. ఉపాధ్యాయులు దీనిని శ్లాబుల లెక్కగా తరగతిలో చేయించవచ్చును. కరెంటు బిల్లు లెక్క వంటిదే, కాకపోతే ఇక్కడ ఎక్కువ వాడినకొలదీ రేటు తగ్గుతుంది.

అయితే రుసుము ఒక్కటే కంచె అనుకొంటే మరల పొరబడినట్లే. మా కళాశాల అనుభవం ఒకటి చెప్పుతాను. కొన్నేళ్ల క్రిందట హాజరు, మార్కులు, ఫీజుల వివరాలన్నింటిని ఒక సంస్థ వారి క్లౌడ్ సేవకు అప్పగించినాము. నాలుగేళ్లు సాఫీగా నడిచినది. ఆపైన చందా పెంచినారు; మారదలచినాము. మా వివరాలు మాకు ఇవ్వమని వారు అనలేదు. ఇచ్చినారు కూడాను, పైసా పుచ్చుకొనక. కాని వచ్చినవి ముద్రించడానికి వీలైన పుటలు, వేలకొలది. విద్యార్థి పేరు ఒక పుటలో, అతని సబ్జెక్టుల సంకేతాలు మరొక పుటలో, మార్కులు ఇంకొకచోట. ఏ మార్కు ఎవరిదో కలిపే సంఖ్య వారి యంత్రంలోనే ఉండిపోయినది. వేసవి సెలవులలో ఆరుగురం కూర్చొని ఆ పుటలను చూచి తిరిగి టైపు చేసినాము. పాతబడిన బ్యాచిలో ఒక విద్యార్థి పై చదువుకు మార్కుల ధ్రువపత్రం అడిగితే, చేతిరాత రిజిస్టరు దొరకడంవలన గండం గడచినది. పొత్తం కుట్టు విప్పి, పుటసంఖ్యలు చెరిపి, కాగితాలన్నీ చేతిలో పెట్టి ‘ఇదిగో మీ పుస్తకం’ అన్నట్లు ఉన్నది మా స్థితి.

దత్తాంశం అంటే అంకెలు మాత్రమే కాదు, అంకెల నడుమనున్న సంబంధం కూడ. ఆ సంబంధాన్ని భద్రపరచే ఏర్పాటు ఎవరి యంత్రానికి సొంతమో వారికే మనం లోబడి ఉంటాము. నివేదిక దీనిని ‘దత్తాంశ బంధనం’ అన్నది. ఆ పేరు చాలదు. ప్రోగ్రాము బంధనం ఉన్నది, అలవాటు బంధనం ఉన్నది, ఒప్పంద బంధనం ఉన్నది. నివేదికలోనే వేరొక చోట మంచి వర్గీకరణ ఒకటి కనిపిస్తుంది. అమెజాన్ ఇ.సి.-2 ఖాళీ యంత్రాన్ని పోలినది. ఏ ప్రోగ్రామైనా పెట్టుకొనవచ్చు, పని అంతా మనదే. గూగుల్ ఆప్ ఇంజన్ దానికి ఎదురు కొస. పని చాల భాగం అదే చేసిపెడుతుంది, కాని అది చెప్పిన తీరులోనే మనం రాయాలి. మైక్రోసాఫ్ట్ అజ్యూర్ నడుమ. సుఖం పెరిగినకొలదీ స్వేచ్ఛ తరుగుతుందన్న సూత్రం ఈ వర్గీకరణలో దాగి ఉన్నది. అద్దె ఇంట్లో మంచం వేసుకొంటే వెళ్లేటప్పుడు తీసుకొనిపోతాము. గోడకు అల్మారా కట్టించుకొంటే అది గోడతోనే ఉంటుంది. ఈ వర్గీకరణను తెచ్చి రెండవ అడ్డంకితో గట్టిగా ముడివేసి ఉంటే నివేదిక విలువ రెట్టింపు అయ్యేది.

ముడివేసి ఆలోచించినవారు లేకపోలేదు. డ్రాప్‌బాక్స్ కంపెనీ కథ అందుకు తార్కాణం. ప్రజలు తమ ఫైళ్లను దాచుకొనే ఈ సేవ మొదటినుంచి ఫైళ్లలోని సారాన్ని అమెజాన్ ఎస్-3లో ఉంచినది. ఏ ఫైలు ఎవరిది, దాని ముక్కలు ఏవి, ఎక్కడ ఉన్నవి అనే సూచికను మాత్రం తన సొంత యంత్రాలలో ఉంచుకొన్నది. పైన చెప్పిన ‘కలిపే సంఖ్య’ వారి చేతిలోనే ఉన్నదన్నమాట. సొంత నిల్వ వ్యవస్థను నిర్మించుకొని 2015 అక్టోబరు నాటికి నూటికి 90 వంతుల దత్తాంశాన్ని అందులోకి మార్చినది. ఆ సంగతిని 2016 మార్చిలో ప్రకటించేనాటికి వారు మోయుచున్న భారం 500 పెటాబైట్లకు పైన. పెటాబైటు అంటే వెయ్యి టెరాబైట్లు. రెండేళ్లలో నిర్వహణ ఖర్చు 7 కోట్ల 46 లక్షల డాలర్లు తగ్గినదని 2018లో వాటాల విక్రయానికి సమర్పించిన పత్రంలో తెలిపినది. ఇది అందరికీ అనుకరణీయం అని నేను అనను. ఫైళ్లు దాచడమే వృత్తిగా గల కంపెనీకి నిల్వ వ్యవస్థ కట్టుకొనడం తగును. చీరల దుకాణానికి తగదు. వారి నుంచి నేర్చుకొనవలసినది యంత్రాలు కొనడం కాదు, సూచికను దగ్గర ఉంచుకొనడం.

సాధారణంగా వినిపించే మరొక సలహా, ఒక క్లౌడ్ బదులు రెండింటిని వాడమని. సేవ ఆగిపోవడం అనే మొదటి అడ్డంకికి నివేదిక కూడ ఇదే చెప్పినది. రెండవ అడ్డంకి తీరితే గాని మొదటిదానికి చెప్పిన ఈ ఉపాయం పనిచేయదన్న సంగతి అటుంచుదాము. రెండు చోట్లా నడవాలంటే రెండింటిలోనూ ఉన్న సామాన్య సదుపాయాలనే వాడుకోవాలి. రెండు రకాల పనివారిని పోషించాలి. ఒకదాని నుంచి మరొకదానికి దత్తాంశం పోయిన ప్రతిసారీ దిగుడు టికెట్టు కొనాలి. అదీగాక స్నాప్ కంపెనీ 2017లో వాటాలు అమ్మజూపినప్పటి పత్రాలను చూడండి. ఐదేళ్లలో గూగుల్ క్లౌడ్‌కు 200 కోట్ల డాలర్లు, అమెజాన్‌కు 100 కోట్ల డాలర్లు వెచ్చించడానికి అది మాట ఇచ్చినది. ఇట్టి ముందస్తు వాగ్దానానికి ప్రతిఫలంగా కంపెనీలు సాధారణంగా ధర తగ్గిస్తవి. తగ్గింపు మంచిదే, రెండు ఇళ్లకూ ఐదేళ్ల అద్దె ముందుగా రాసి ఇచ్చినవానిని స్వతంత్రుడని మాత్రం అనలేము.

నివేదిక బొత్తిగా ఊహించని ప్రమాదం ఒకటి మన దేశంలోనే కనిపించినది. గుజరాత్‌లోని వాడినార్‌లో చమురు శుద్ధి కర్మాగారం గల నయారా ఎనర్జీ సంస్థలో రష్యా కంపెనీకి వాటా ఉన్నందున 2025 జూలైలో ఐరోపా సంఘం దానిపై ఆంక్షలు విధించినది. వెంటనే మైక్రోసాఫ్ట్ ఆ సంస్థకు తన సేవలను నిలిపివేసినది. నయారా ఢిల్లీ హైకోర్టుకు పోయినది. కొద్ది రోజులలో సేవలు తిరిగి ప్రారంభమైనవి. ఆంక్షలు సబబా కాదా అన్నది ఇక్కడ విషయం కాదు. ధర పెరగలేదు, యంత్రం చెడలేదు, వర్తకుడు దివాలా తీయలేదు. చందా సక్రమంగా చెల్లించిన ఖాతాదారు తన సొంత ఉత్తరాలను తాను చూడలేకపోయినాడు. 2009లో రాసుకొన్న మూడు ప్రమాదాల పట్టికలో దీనికి గడి లేదు.

ఇక కంచె తొలగించే పని ఎవరు చేసినారు? ఐరోపా సంఘం చేసిన దత్తాంశ చట్టం 2024 జనవరిలో అమలులోకి వచ్చి, 2025 సెప్టెంబరు 12 నుంచి వర్తించినది. ఒక క్లౌడ్ నుంచి మరొక క్లౌడ్‌కు మారడానికి వసూలు చేసే రుసుములు 2027 జనవరి 12 నుంచి ఉండరాదని అందులో నిర్ణయించినారు. ఆ చట్టం అమలులోకి వచ్చిన 2024 జనవరిలోనే గూగుల్, మార్చిలో అమెజాన్, మైక్రోసాఫ్ట్ ఖాతా మూసి వెళ్లిపోయేవారి నుంచి బయటికి పంపే రుసుము తీసుకొనబోమని ప్రకటించినవి. ఔదార్యం అనుకొనేవారు తేదీలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూచుకోవచ్చును. బ్రిటన్‌లో పోటీ వ్యవహారాల సంస్థ 2025 జూలై 31న ఇచ్చిన తుది నిర్ణయంలో, ఏటా నూటికి ఒకరు కూడ క్లౌడ్ మారడం లేదని తేల్చినది. రుసుము పోయినా సంబంధం, అలవాటు, ఒప్పందం మిగిలే ఉంటవి కనుక చట్టం ఎంతవరకు ఉపకరిస్తుందో చూడవలెను. అయినా ప్రమాణాల కొరకు వర్తకులను బతిమాలినదానికంటె ఇది ఫలవంతం.

బర్క్‌లీ వారే తమ అభిప్రాయాన్ని కొంత దిద్దుకొన్నారని చెప్పడం న్యాయం. తొలి నివేదిక రచయితలలో ఒకరైన అయాన్ స్టోయికా, స్కాట్ షెంకర్‌తో కలిసి 2021లో మరొక వ్యాసం రాసినాడు. మేఘాలకు పైన ‘ఆకాశం’ అనే పొర ఒకటి కావలెనని అందులోని ప్రతిపాదన. పెద్ద కంపెనీలన్నీ ఒక ప్రమాణానికి ఒప్పుకొంటవన్న ఆశను వదిలి, వాటిపైన ఒక దుబాసీ పొరను నిలుపుదామనీ, ఏ పని ఏ క్లౌడ్‌లో చవుకో చూచి అక్కడికి పంపే ఏర్పాటు ఒకటి ఉండాలనీ, క్లౌడ్‌ల మధ్య దత్తాంశం రుసుము లేకుండ ప్రవహించే ఒప్పందాలు రావాలనీ ఆయన అంటాడు. పన్నెండేళ్ల క్రితం పట్టికలో రెండు వేరు గడులలో ఉన్న ప్రమాణమూ, రవాణా ఇక్కడ ఒకే చిత్రంలోకి వచ్చినవి. తన పాత లెక్కను తానే మరల వేసుకొనే పండితుడు గౌరవనీయుడు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. పాత నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తుంది. అందులోని అద్దె లెక్కలను, డిస్కుల లెక్కను పై తరగతుల విద్యార్థులు అందుకోగలరు. పది అడ్డంకుల పట్టికను నల్లబల్లపై రాసి, ఏ ఉపాయం ఏ ఇతర అడ్డంకిని పెంచుతున్నదో గీతలతో కలపమని అడగండి. రెండుకు నాలుగుకు నడుమ గీత నేను చూపినాను, ఇంకా ఉన్నవి.

మా కళాశాల సంగతి అసంపూర్తిగా వదిలినాను. కొత్త సంస్థతో ఒప్పందం రాసుకొన్నప్పుడు, ప్రతి ఏప్రిల్‌లోనూ అన్ని పట్టికలను, కలిపే సంఖ్యలతో సహా, సాదా అక్షరాల ఫైళ్లుగా ఇవ్వాలని ఒక షరతు చేర్చినాము. షరతును నమ్మి ఊరుకొనక, గత ఏప్రిల్‌లో వచ్చిన ఫైళ్లను ప్రయోగశాలలోని మామూలు కంప్యూటరులో, ‘పోస్ట్‌గ్రెస్’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులోకి ఎక్కించి చూచినాము. విద్యార్థులు నలుగురు, నేను. రోజున్నర పట్టినది. మార్కులన్నీ పేర్లతో సరిపోయినవి. పుట్టిన తేదీలలో మాత్రం 12వ తేదీకి లోపు ఉన్నవాటికి నెల, రోజు తారుమారై వచ్చినవి. ఆ సంస్థవారికి జాబు రాసినాము. సవరించి పంపుతామన్నారు.